అనుమతి లేకుండా దూరిన పరమాణువులు

“తలుపులు మూసేయండి! ఒక్క పరమాణువు కూడా బయటికి పోకూడదు!”

డైరెక్టర్ సోమసుందరం గారి కేక కారిడార్ చివరిదాకా వినిపించింది. పరుగెత్తాను. ప్రయోగశాల గుమ్మం ముందు సెక్యూరిటీ వాళ్ళు అప్పటికే లాఠీలు పట్టుకుని నిలబడ్డారు. లోపల ఫర్నేస్ అనే పెద్ద స్టీలు డ్రమ్ము లాంటి యంత్రం ఉంది. దాని ముందు డైరెక్టర్ గారు, పక్కన పరిపాలనాధికారి భీమేశ్వర్రావు గారు, వాళ్ళకి ఎదురుగా తెల్లకోటులో డాక్టర్ బెహరా రోహిణి. శుభవార్త చెబుదామని వచ్చి తిట్లు తిన్న మనిషిలా ఉందామె. పెదవుల మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు.

“వచ్చారా! మన గ్రాఫీన్ కింద ఎవరో దూరారు,” అన్నారు డైరెక్టర్ గారు.

“ఎంతమంది సార్?”

ఆయన రోహిణి వంక చూశారు.

“కోట్లలో ఉంటారు సార్,” అందామె నెమ్మదిగా.

నా పేరు గొర్లె సన్యాసిరావు. విశాఖపట్నం శివార్లలో కొండవాలున ఉన్న ‘పలుచని పదార్థాల జాతీయ పరిశోధనా కేంద్రం’లో విజిలెన్స్ అధికారిని. అంతకుముందు పౌరసరఫరాల గోడౌన్లలో పనిచేశాను. దారి తప్పిన బియ్యం లారీలూ, నకిలీ సీళ్ళూ, గోడలకు వేసిన కన్నాలూ చూసినవాణ్ణి. కానీ కోట్లమంది ఒకేసారి గోరంత చోటులోకి దూరిన కేసు నా సర్వీసులో అదే మొదటిది.

అక్కడికక్కడే వాంగ్మూలం మొదలెట్టాను.

“గ్రాఫీన్ అంటే ఏమిటమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పండి.”

“కార్బన్ పొర సార్. దాని మందం ఒక్క పరమాణువు. సిలికాన్ కార్బైడ్ బిళ్ళ మీద పెంచాను. ఆ మొదటి పొరకి ఒక జబ్బుంది. కింది బిళ్ళకి అతుక్కుపోతుంది. అతుక్కున్న పొర గ్రాఫీన్‌లా ప్రవర్తించదు. కరెంటు సరిగ్గా పారదు. ఇన్నాళ్ళూ శవంలా పడుంది.”

“ఇప్పుడేమైంది?”

“శుభ్రం చేద్దామని ఈ కొత్త ఫర్నేస్‌లో పెట్టి వేడి చేశాను. తీసి చూస్తే లేచి కూర్చుంది సార్! ఎలక్ట్రాన్లు అడ్డూ ఆపూ లేకుండా పరుగెడుతున్నాయి. కింద అసలు బిళ్ళే లేనట్టు! అంటే పొరకీ బిళ్ళకీ మధ్య వేరే పరమాణువులేవో దూరి, బిళ్ళ పట్టు విడిపించాయి.”

నా మొహం చూసి ఆమె దారి మార్చింది.

“మీ ఇంట్లో దోసె పెనానికి అంటుకుపోతే ఏం చేస్తారు సార్?”

“నేను విసుక్కుంటాను. మా ఆవిడ నూనె వేస్తుంది.”

“ఎక్కడ వేస్తారు?”

“అంచుల చుట్టూ.”

“అంతే సార్. అంచుల్లోంచీ, దోసె కన్నాల్లోంచీ నూనె కిందికి దిగుతుంది. దోసె చిరగదు, పెనం కదలదు. కానీ దోసె లేచిపోతుంది.”

రాసుకున్నాను. దోసె అంటే గ్రాఫీన్. పెనం అంటే బిళ్ళ. నూనె అంటే ముద్దాయి.

“మరి నూనె వేసిందెవరు?”

“అదే తెలియడం లేదు. నేనైతే వేయలేదు.”

“దూరినవాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా?”

“ఎవరు దూరారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని పరమాణువులు పైపొరకి ఎలక్ట్రాన్లు ఇస్తాయి. కొన్ని లాక్కుంటాయి. పొర గుణం దాన్నిబట్టే మారుతుంది.”

“ఇచ్చేవాళ్ళూ, పుచ్చుకునేవాళ్ళూ,” అన్నారు భీమేశ్వర్రావు గారు నిట్టూర్చి. “ఏ సంస్థలో లేరు లెండి.”

“ఫర్నేస్‌లో అనుమానాస్పదంగా ఏమైనా కనిపించిందా అమ్మా?”

“మొదటిసారి తెరిచినప్పుడు అడుగున పెసలూ, నువ్వులూ, ఇంకేవో గింజలు కనిపించాయి. ఎలుకలు తెచ్చాయనుకుని ఊడ్చేశాను.”

“ఎలుకల బోనులు మంజూరు చేశాం,” అన్నారు భీమేశ్వర్రావు గారు.

ఒక విషయం మాత్రం నాకు అంతుపట్టలేదు. “మరి పొర లేవడం మంచిదే కదా సార్?” అని డైరెక్టర్ గారిని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. “సన్యాసిరావు గారూ, ఢిల్లీ మంజూరు చేసిన ప్రాజెక్టు పేరు తెలుసా మీకు? ‘ఆధారాన్ని అంటిపెట్టుకున్న గ్రాఫీన్ సమగ్ర అధ్యయనం.’ శుక్రవారం సమీక్షా సంఘం వస్తోంది. అంటిపెట్టుకున్నదాన్ని చూడ్డానికి వస్తోంది. ఇది అంటిపెట్టుకోవడం మానేసింది. ఇప్పుడు నేనేం చూపించాలి?”

“లేచినదాన్నే చూపిద్దాం సార్. దీనికోసం ఎంతమంది ఎన్ని తంటాలు…” అంటూ అందుకుంది రోహిణి.

“మంజూరు కాని ఫలితం ఫలితం కాదమ్మా. క్రమశిక్షణారాహిత్యం.”

నిలబడ్డచోటే రెండు నిర్ణయాలు తీసుకున్నారాయన. దూరిన పరమాణువుల్ని శుక్రవారం సమీక్షా సంఘం సమావేశంలోనే, బిళ్ళను వెయ్యి డిగ్రీలు దాటించి వేడి చేసి, ఖాళీ చేయించాలి. ఈలోగా వాటిని లోపలికి రానిచ్చిన నేరస్థుణ్ణి నేను పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే నేరం ఫర్నేస్ బాధ్యురాలైన రోహిణిదే. నెలాఖరుకి ముగిసే ఆమె కాంట్రాక్టు ఇక పొడిగించరు.

“సార్, ఉన్నది ఈ ఒక్క బిళ్ళే,” అంది రోహిణి. “ఎలా జరిగిందో తెలియకుండా వాటిని వెళ్ళగొడితే నేను మళ్ళీ చేయలేను. ఉద్యోగం సంగతి తర్వాత. ముందు దీన్ని చంపకండి.”

“చంపడం కాదమ్మా. పునరుద్ధరించడం,” అన్నారు డైరెక్టర్ గారు.

* * *

మొదటి అనుమానం హైడ్రోజన్ మీదికి పోయింది. తేలికైనది. ఎక్కడైనా దూరుతుంది. పూర్వచరిత్ర కూడా ఉంది. విదేశాల్లో చాలా గ్రాఫీన్ల కింద దూరిందని రోహిణే చెప్పింది. హైడ్రోజన్ సిలిండర్‌కి గొలుసు వేయించి, తాళం పెట్టించి, ఒక గార్డుని కాపలా ఉంచాను. సిలిండర్ ఏమీ ఒప్పుకోలేదు.

ఆక్సిజన్ సంగతి ఇంకా కష్టమైంది. అది సిబ్బంది అందరి ఊపిరిలోనూ ఉంది. భీమేశ్వర్రావు గారు వెంటనే సర్క్యులర్ తీశారు: ‘ప్రయోగశాలలో ప్రవేశించు ప్రతి ఉద్యోగీ తన ఊపిరికి తానే బాధ్యుడు. బయట పీల్చిన గాలిని బయటనే విడిచిపెట్టవలెను. ఉల్లంఘించినవారి ఊపిరి స్వాధీనపరచుకొనబడును.’

ఆ పూట గుమ్మం దగ్గర పెద్ద క్యూ.

“ఊపిరొదిలేసి లోనకెళ్ళండి మేడమ్,” అంటున్నాడు గార్డు అప్పలకొండ.

“వదిలేసి లోపల ఎలా బతకాలయ్యా?” అంది రోహిణి.

“మళ్ళీ కావాలంటే బయటికొచ్చి పీల్చుకుని ఎళ్ళండి. ఏటి చేస్తాం, ఆర్డరలాగుంది.”

భీమేశ్వర్రావు గారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన రూలుకి తప్ప మనిషికి తలవంచరు. ఒకసారి తన స్కూటరే నో పార్కింగ్‌లో ఉందని తెలిసి, దానికి గొలుసు వేయించి, నడిచి ఇంటికెళ్ళారు. ఆయనలో కక్ష ఉండదు. రూలు ఎటు తిరిగితే అటు తిరుగుతారు. గాలిని బట్టి తిరిగే కోడిబొమ్మ లాంటి మనిషి. అందులోనూ తుప్పు పట్టని కోడిబొమ్మ.

చట్టప్రకారం ఖాళీ చేయించాలంటే ముందు నోటీసు ఇవ్వాలన్నారాయన. ఫర్నేస్ అద్దానికి మూడు భాషల్లో నోటీసు అంటించారు. ‘సదరు పొర కింద అనధికారికంగా నివసించుచున్న పరమాణువులకు తెలియజేయునది…’ గడువు ముగిశాక బహిరంగ విచారణ. అటెండరు ఫర్నేస్ ముందు నిలబడి మూడుసార్లు కేకేశాడు.

“పొర కింద పరమాణువులు హాజరా? పొర కింద పరమాణువులు హాజరా? పొర కింద పరమాణువులు హాజరా?”

ఎవరూ పలకలేదు.

“ఎక్స్‌పార్టీ. ప్రతివాదులు గైర్హాజరు,” అని ప్రకటించి భీమేశ్వర్రావు గారు సంతకం పెట్టేశారు.

రోహిణి నన్ను కారిడార్లో పట్టుకుంది. “నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు సార్. ఒక్క సాయం చేయండి. యూనివర్సిటీలో ఎక్స్‌రే పరీక్ష ఉంది. పొర కింద ఉన్నది ఏ మూలకమో ఇట్టే చెబుతుంది. నేను మూడుసార్లు అడిగాను. బిళ్ళ బయటికి పోవడానికి వీల్లేదన్నారు.”

“మీరు పరీక్ష అని అడిగారా?”

“అవును.”

“అందుకే ఒప్పుకోలేదు.” నేను కాగితం తీసి ఒక్క ముక్క రాశాను: నిందితుల గుర్తింపు పరేడ్ నిమిత్తం. పావుగంటలో అనుమతి వచ్చింది. బిళ్ళను పోలీసు జీపులో, ఇద్దరు గార్డుల మధ్య కూర్చోబెట్టి పంపించాం.

సాయంత్రానికి రోహిణి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ రోజు ఆమె నవ్వు ఎవరూ ఆర్పలేకపోయారు.

“బంగారం సార్! పొర కింద బంగారం ఉంది!”

* * *

ఆ మాటతో కేసు రంగు మారిపోయింది.

“స్మగ్లింగ్!” అని కుర్చీలోంచి లేచారు డైరెక్టర్ గారు. “మన గ్రాఫీన్ కింద ఎవరో దొంగ బంగారం దాచారు!”

నేను కూడా ఒక్క క్షణం నమ్మాను. బంగారాన్ని చెప్పు మడమలో, బెల్టులో, పిండి డబ్బాలో దాచినవాళ్ళ గురించి విన్నాను. ఒక్క పరమాణువు మందం ఉన్న దుప్పటి కింద పరిచి దాచినవాడు మాత్రం మొనగాడే.

“సార్, అది కంటికి కూడా కనపడదు,” అంది రోహిణి.

“అదే కదమ్మా వాడి తెలివి!”

మర్నాడు మధ్యాహ్నానికల్లా సిబ్బంది ఒంటి మీది బంగారమంతా తనిఖీ. మంగళసూత్రాల జోలికొస్తే ఊరుకోమని ఆడవాళ్ళు మెట్ల మీద బైఠాయించారు. అకౌంట్స్ సెక్షన్ పెద్దాయనకి బంగారు పన్ను ఉంది. రెండు రోజులు నోరు తెరవకుండా ఉండమని ఆయనకు ఉత్తర్వు ఇచ్చారు. అకౌంట్స్ సెక్షన్ అంత ప్రశాంతంగా ఎప్పుడూ పనిచేయలేదు.

బుధవారం సాయంత్రం డైరెక్టర్ గారు అందర్నీ సమావేశపరిచారు.

“నేరస్థుడు నా తమ్ముడైనా సరే, నా బావమరిది అయినా సరే, వదలను. వాడి పేరు శుక్రవారం సమీక్షా సంఘం ఎదుట, మైకులో, బిగ్గరగా ప్రకటించబడుతుంది. భీమేశ్వర్రావు గారూ, చదవండి.”

పాలకమండలి పక్షాన తయారైన కొత్త నిబంధనను ఆయన చదివారు. ‘నేరస్థుని పేరు సభలో బిగ్గరగా ప్రకటించిన తక్షణమే, నేరం జరిగిన నాటినుండి సదరు వ్యక్తి జారీ చేసిన ఉత్తర్వులు, చేసిన సంతకాలు, కోరిన అనుమతులు సమస్తం రద్దగును. ఆ పేరు అధికారికంగా వెలువడు వరకు ఎవరూ వినరాదు, ఎవరికీ చెప్పరాదు.’

చదువుతున్నంతసేపూ డైరెక్టర్ గారు రోహిణినే చూస్తున్నారు. ఆమె కోరిన అనుమతులన్నీ రద్దయితే, ఆ బిళ్ళను తయారుచేసిందే ఆమె కాదన్నట్టు అవుతుంది.

* * *

గురువారం పొద్దున్న ఆనందపురం దగ్గర మా బావమరిది ఇంటి శంకుస్థాపన. వెళ్ళక తప్పలేదు. గోతి దగ్గర అందరూ చేరారు. నేను ఒక పక్కన నిలబడి గ్రాఫీన్ గురించి ఆలోచిస్తున్నాను.

“ఏటి బావా, అలా గోతిలోకి చూస్తన్నావు? ఇల్లు నాది, దిగులు నీదా?” అన్నాడు వాడు.

పురోహితుడు గోతిలో నవధాన్యాలు చల్లించాడు. పెసలు, నువ్వులు, మినుములు, ఇంకా ఏవేవో. ఆ తర్వాత చెయ్యి చాపాడు.

“బంగారం ఏదమ్మా? పిసరంత చాలు. పునాది కింద బంగారం పడకపోతే ఇల్లు నిలబడదు.”

మా చెల్లెమ్మ విరిగిన ముక్కుపుడక తీసి ఇచ్చింది. అది గోతిలో పడింది. నా గుండె కూడా దాంతోపాటే పడింది.

గోడౌన్లలో ఇరవయ్యేళ్ళు ఎలుకలతో కాపురం చేసినవాణ్ణి. ఎలుక గింజ తెచ్చిందంటే తినడానికే తెస్తుంది. పెసలూ నువ్వులూ కలిపి తెచ్చి, తినకుండా చల్లిపోయే ఎలుక ఇంకా పుట్టలేదు. ఆ మాట నాకు మొదటిరోజే తట్టవలసింది.

భోజనానికి కూడా ఆగకుండా ప్రయోగశాలకు చేరుకున్నాను. రోహిణి చేత ఫర్నేస్ అడుగు ట్రే విప్పించాను. ట్రే కింద సన్నని సందు ఉంది. అందులో కరిగి గట్టిపడ్డ ఆవగింజంత బంగారు పూస మెరిసింది.

ఆమె దాన్ని పట్టకారుతో ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది. తర్వాత గడగడా చెప్పుకుపోయింది. “ఇదన్నమాట! శూన్యంలో అంత వేడికి బంగారం కొద్దికొద్దిగా ఆవిరైంది. ఆవిరి వెళ్ళి పొర మీద పడింది. అదే వేడికి పొర కిందికి జారింది. నూనె వేసిన చెయ్యి ఇదే సార్! ఇక నేను మళ్ళీ చేయగలను. ఎన్నిసార్లయినా! బిళ్ళ ఒక్కటి బతికుంటే, పోల్చి చూసుకోవడానికి అది చాలు… కానీ ఇక్కడ బంగారం పెట్టిందెవరు?”

“ఫర్నేస్‌ని ప్రారంభించిన రోజు మీరెక్కడున్నారమ్మా?”

“గుమ్మం బయట. కొబ్బరికాయ పట్టుకుని. లోపలికి తేకూడనివి ఏమిటో తలుపు మీద నేనే జాబితా అంటించాను కదా. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం. అందుకని నన్నూ, కొబ్బరికాయనీ బయట ఉంచి, లోపలికి…”

ఆమె చూపు ఆ పూస మీదికి పోయింది.

ఆ రోజు ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను. ఆయన చాలా సంతోషించారు.

“అయ్యో, అంతా నియమప్రకారమే జరిపించామండీ. తలుపు మీది జాబితా నేను రెండుసార్లు చదివాను. కొబ్బరికాయ లేదు, పసుపు లేదు, కర్పూరం వెలిగించలేదు. నవధాన్యాలు వద్దని అందులో లేదు. బంగారం వద్దనీ లేదు. మా శాస్త్రానికీ, మీ శాస్త్రానికీ ఎక్కడా లోపం రానివ్వలేదు. బంగారం రేకు వారే తెచ్చి, స్వహస్తాలతో అడుగున ఉంచారు.”

“వారే అంటే?”

ఆయన పేరు చెప్పారు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

* * *

శుక్రవారం ఉదయం ముందుగా డైరెక్టర్ గారి గదికే వెళ్ళాను.

“సార్, నేరస్థుడెవరో తెలిసింది. సభలో చెప్పేముందు మీకొక్కరికీ…”

“చెప్పకండి!” ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. “ముందే వింటే నా నిష్పాక్షికత దెబ్బతింటుంది. అది నా మనిషే కావచ్చు. నా మనసు కరిగిపోవచ్చు. అందరితోపాటే వింటాను.”

“సార్, ఫర్నేస్ ప్రారంభోత్సవం రోజు మీరు…”

“అది దైవకార్యం సన్యాసిరావు గారూ. దాన్ని ఈ దొంగతనంలోకి లాగకండి.”

ఆయన కళ్ళలోకి చూశాను. అందులో కపటం లేదు. తన చేత్తో వేసిన బంగారం వేరు, దొంగ వేసిన బంగారం వేరు. ఆ రెండూ ఒకటేనన్న ఆలోచన ఆయన దరిదాపులకు కూడా రాలేదు.

భీమేశ్వర్రావు గారి దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన నిబంధన వైపు వేలు చూపించారు.

సమావేశ మందిరంలో సమీక్షా సంఘం కూర్చుంది. అధ్యక్షురాలు జుట్టు తెల్లబడిన ప్రొఫెసరు, తక్కువ మాటల మనిషి. ఒక మూల స్పీకరు. అవతల ప్రయోగశాలలో ఫర్నేస్ దగ్గర స్విచ్చి ముందు భీమేశ్వర్రావు గారు నిలబడ్డారు. సభలో మాట్లాడేది ఆయనకు వినపడుతుంది, ఆయన మాట మాకు వినపడుతుంది.

పేరు ముందు, వేడి తర్వాత ఉంటుందనుకున్నాను. డైరెక్టర్ గారు కార్యక్రమం మార్చేశారు.

“మాననీయ సభ్యులారా, శుభకార్యం ఆలస్యం కాకూడదు. ముందు ఖాళీ చేయించే ప్రక్రియను ప్రారంభిద్దాం. భీమేశ్వర్రావు గారూ, ఆన్ చేయండి!”

“ఆన్ చేశాను,” అంది స్పీకరు.

రోహిణి కుర్చీ అంచుని రెండు చేతులతో పట్టుకుంది. నేను చెయ్యెత్తాను.

“సార్, పేరు…”

“ఆగండి. స్వాగతోపన్యాసం తర్వాత.”

డైరెక్టర్ గారి స్వాగతోపన్యాసాలు మా కేంద్రంలో ప్రసిద్ధం. సంస్థ పుట్టుక దగ్గర మొదలెట్టారు. పలుచదనం దేశానికి ఎందుకు అవసరమో చెప్పారు.

“ఆరు వందలు,” అంది స్పీకరు.

విలువల పతనం గురించి చెప్పారు. ఆధారాన్ని వదిలిపెట్టిన యువతరం గురించి చెబుతూ రోహిణి వైపు చూశారు.

“ఎనిమిది వందలు.”

అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకున్నారు. “డైరెక్టర్ గారూ, ఒక్క ప్రశ్న. దూరిన బంగారం వల్ల పొర గుణం మారిందని నోట్‌లో చదివాను. మెరుగైందా, పాడైందా?”

“మెరుగైంది మేడమ్,” అంది రోహిణి లేచి. “ఇంతకాలం చూసినవాటన్నిటికంటే.”

“మరి వెళ్ళగొడుతున్నారెందుకు?”

“నా ఉత్తర్వు అమల్లో ఉంది మేడమ్,” అన్నారు డైరెక్టర్ గారు గంభీరంగా. “అమల్లో ఉన్న ఉత్తర్వుని మధ్యలో ఆపడం ఈ సంస్థ చరిత్రలో లేదు.”

“తొమ్మిది వందల యాభై,” అంది స్పీకరు. “కొత్త నిబంధన ప్రకారం ఉత్తర్వు రద్దయితే తప్ప నేను ఆపలేను. సభకు తెలియజేస్తున్నాను.”

ఇక ఆగలేదు. మైకు దగ్గరికి నడిచాను. రిటైర్మెంటుకి నాకింకా చాలా సర్వీసుంది. పిల్ల పెళ్ళీ, ఇంటి అప్పూ రెండూ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. రోహిణి నా వంక చూడటం లేదు. స్పీకరునే చూస్తోంది, ఆపరేషన్ గది బయట బంధువులు తలుపుని చూసినట్టు.

డైరెక్టర్ గారు అసంతృప్తిగానే మైకు వదిలారు. “ఇంకా ముగింపు వాక్యాలు ఉన్నాయి… సరే, కానివ్వండి. మాననీయ సభ్యులారా, ఈ సంస్థ పునాదుల కిందికి దొంగ బంగారాన్ని చేర్చిన నేరస్థుడి పేరు ఇప్పుడు మీరు వినబోతున్నారు.”

“సార్, మీరు కూర్చుంటే మంచిది.”

“నేను నిలబడే వింటాను. న్యాయం జరిగేటప్పుడు కూర్చోవడం నా అలవాటు కాదు.” ఆయన నా భుజం తట్టారు. “భయపడకండి. ఎంత పెద్దవాడైనా సరే. బిగ్గరగా చెప్పండి.”

“తొమ్మిది వందల ఎనభై,” అంది స్పీకరు. “స్విచ్చి మీద చెయ్యి వేసి ఉంచాను. పేరు కోసం వేచి ఉన్నాను.”

మైకుని నోటి దగ్గరికి లాక్కున్నాను.

“తురగా సోమసుందరం గారు. మన డైరెక్టర్.”